నా చేతిలో పడి ఓడిన బాబ్ గిబ్సన్

మా ఆవిడ పులిహోర డబ్బా కారులో పెడుతూ, "రెండు రోజులు హోటల్లో కూర్చుని పాచికలు వేయడానికా నూట యాభై మైళ్ళు వెళ్తున్నారు?" అని అడిగింది.

"బేస్‌బాల్‌కి" అన్నాను.

"ఆడటానికా, చూడటానికా?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. మైదానం ఉండదు, బంతి ఉండదు, బ్యాటు ఉండదు. ఒక బల్ల, దానికి అటొకరు ఇటొకరు, మధ్యలో కొన్ని కార్డులు, పాచికలు. అయినా సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, గొంతు ఎండిపోతుంది, ఓడితే అన్నం సహించదు. అలాంటప్పుడు అది ఆడటమే కదా.

ఈ పిచ్చి నాకు అంటించింది మా ఆఫీసులో పక్క సీటు పెద్దాయన. వయసు అరవై మూడు. మధ్యాహ్నం సాండ్‌విచ్ ముగించి చేతులు శుభ్రంగా తుడుచుకుని, సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ పెట్టె తీసి, ఒంటరిగా పాచికలు వేసుకుంటూ ఏదో రాసుకునేవాడు. మొదట్లో జాతకాలేమో అనుకున్నాను. ఓ రోజు అడిగితే ఒక కార్డు నా ముందు పెట్టాడు. బొమ్మ లేదు, రంగు లేదు. పైన ఆటగాడి పేరు, కింద నిలువు వరుసల్లో అంకెలు, వాటి పక్కన పొడి మాటలు. మన పంచాంగం అయినా కాస్త అందంగా ఉంటుంది.

ఆట పేరు స్ట్రాట్-ఓ-మాటిక్. న్యూయార్క్ పక్క లాంగ్ ఐలాండ్‌కు చెందిన హాల్ రిచ్‌మన్ 1961లో అమ్మకానికి పెట్టాడు. అంతకు ముందే ఇలాంటివి ఉన్నాయి. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ నుంచి 1951లో వచ్చిన ఆప్‌బా అనే ఆటకు ఈనాటికీ భక్తులున్నారు. 1941లో ఈథన్ అలెన్ అనే మాజీ ఆటగాడు గుండ్రటి అట్ట మీద ముల్లు తిప్పే ఆట ఒకటి తయారుచేశాడు. రిచ్‌మన్ చేసిన మార్పు పిచ్చర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, కూడా బ్యాటర్‌తో సమానంగా ఒక కార్డు ఇవ్వడం. మూడు పాచికలు వేస్తాం. అందులో తెల్లదాని మీద ఒకటి, రెండు, మూడు పడితే బ్యాటర్ కార్డులో ఆ వరుస చూడాలి. నాలుగు, అయిదు, ఆరు పడితే పిచ్చర్ కార్డు చూడాలి. మిగతా రెండు పాచికల మొత్తం ఆ వరుసలో ఏ గడో చెబుతుంది. అంటే బ్యాటర్ వచ్చిన ప్రతిసారీ సగం భాగ్యం మన కార్డులో ఉంటే మిగతా సగం ఎదుటివాడి కార్డులో ఉంటుంది. కార్డుకు ఎడమ పక్క ఎడమచేతి వాటం వాళ్ళ మీద ఆడినప్పటి లెక్కలు, కుడి పక్క కుడిచేతి వాళ్ళవి. కొన్ని గడుల్లో ఫలితం రెండుగా చీలి ఉంటుంది. అప్పుడు ఇరవై ముఖాల పాచిక ఒకటి విడిగా వేయాలి.

పెద్దాయన ఇదంతా చెబుతుంటే నాకు తెనాలిలో మా అన్నయ్యతో ఆడిన బుక్ క్రికెట్ గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని సాంఘిక శాస్త్రం పుస్తకం తెరవడం, ఎడమ పేజీ నంబరులో చివరి అంకె ఎంతైతే అన్ని పరుగులు వేసుకోవడం. సున్నా వస్తే ఔట్. ఎనిమిదికి మా ఇంట్లో ఒక్క పరుగే ఇచ్చేవాళ్ళం. అన్నయ్య పుస్తకానికి 146వ పేజీ దగ్గర వెన్ను విరిగి ఉండేది, ఎలా తెరిచినా అక్కడికే వచ్చేది. ఎలా విరిగిందని అడిగితే, ఆ పాఠం తనకు బాగా ఇష్టమని చెప్పేవాడు.

ఆ ఆటలో ఒక అన్యాయం ఉంది. గావస్కర్ దిగినా, పదకొండో వాడిగా మణీందర్ సింగ్ దిగినా తెరిచేది అదే పుస్తకం. రెండు, నాలుగు, ఆరు, ఒకటి, ఔట్ అన్నింటికీ సమానమైన అవకాశం. పెద్దయ్యాక లెక్క కట్టి చూశాను, ప్రతివాడి సగటూ పదమూడే వస్తుంది. నిజానికి గావస్కర్ టెస్టు సగటు 51.12. మణీందర్ 35 టెస్టుల్లో మొత్తం కలిపి చేసింది 99 పరుగులు. 1986 సెప్టెంబరులో మద్రాసు టెస్టు టై అయినప్పుడు ఆఖరి వికెట్టుగా వెనుదిరిగింది ఆయనే. మా పుస్తకంలో మాత్రం మణీందర్ ఓసారి 84 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 146వ పేజీ పుణ్యం.

పెద్దాయన పెట్టెలో మనుషులందరూ వేరువేరు. ఎవడి కార్డు వాడిది. ఆ సీజన్ అంతా వాడు చేసిన పని ఆ చిన్న అట్టముక్కలో అణిగి ఉంది. నాకు నచ్చింది అదే. రెండేళ్ళు మధ్యాహ్నాలు ఆడాక, "ఈసారి టోర్నమెంటుకు నువ్వూ రా" అన్నాడు.

నియమం సులువుగానే ఉంది. చరిత్రలో ఏ సంవత్సరంలోనైనా, ఏ జట్టునైనా ఒకదాన్ని ఎంచుకోవచ్చు. ఒకరు తీసుకున్నది ఇంకొకరికి ఉండదు. నేను 1968 నాటి సెయింట్ లూయిస్ కార్డినల్స్ కావాలన్నాను. పెద్దాయన నుదురు చిట్లించాడు. "ఆ ఏడాది ఎవరికీ పరుగులు రాలేదు, తెలుసుగా?" అన్నాడు. తెలుసు. 1968ని పిచ్చర్ల సంవత్సరం అంటారు. పెద్ద లీగులు రెండింటిలో ఒకటైన అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ కిరీటం .301 సగటుతో, అంటే పది ప్రయత్నాలకు మూడు హిట్లతో, దక్కింది. మరుసటి ఏడాదికి పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. కార్డినల్స్ జట్టంతా కలిసి ఆ సీజన్‌లో కొట్టిన హోమ్ రన్‌లు, అంటే మన సిక్సర్ లాగా బంతిని మైదానం దాటించినవి, 73. 2001లో బ్యారీ బాండ్స్ ఒక్కడే అన్ని కొట్టాడు.

కానీ ఆ జట్టులో బాబ్ గిబ్సన్ అనే పిచ్చర్ ఉన్నాడు. ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి పోను, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.12. ముప్ఫై నాలుగు ఆటలు మొదలుపెట్టి ఇరవై ఎనిమిదింటిని తనే ముగించాడు. అందులో పదమూడింట ఎదుటి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ కార్డు ఒకసారి చేతిలో పట్టుకున్నవాడికి ఇంకో జట్టు మీద మనసు పోదు. పిచ్చర్ వరుసల్లో పై నుంచి కింది దాకా స్ట్రైకౌట్లు, అంటే బ్యాటర్ బంతి కొట్టలేకే ఔటవడాలు, మిగతావి మామూలు ఔట్లు. పెద్దాయన ఒక మాట మాత్రం అన్నాడు: "ఆ ఏడాది గిబ్సన్ తొమ్మిది ఆటలు ఓడిపోయాడు. ఎలా ఓడాడో ఆలోచించావా?" నేను ఆలోచించలేదు.

శుక్రవారం రాత్రి పెన్సిల్వేనియాలో హైవే పక్కనున్న హోటల్‌కు చేరాం. పెళ్ళి భోజనాలకు ఇచ్చే హాలు అది. పక్క హాల్లో నిజంగానే ఏదో పెళ్ళి విందు జరుగుతోంది. సూట్లు వేసుకున్న కుర్రాళ్ళు దారి తప్పి మా వైపు తొంగిచూసి, ఇరవై నలుగురు మనుషులు తలలు వంచుకుని అట్టముక్కలు సర్దుకోవడం చూసి మెల్లగా వెనక్కి వెళ్ళారు. మాలో ముప్పాతిక మంది అరవై దాటినవాళ్ళే. నాకన్నా చిన్నవాళ్ళు ఇద్దరు. ఆడవాళ్ళలో ఒకే ఒక్కావిడ, నర్సుగా పనిచేసి విరమించిందట. భారతీయుణ్ణి నేనొక్కణ్ణే. ఎవరూ దాని గురించి అడగలేదు. "ఏ జట్టు?" అనే అడిగారు. చెప్పగానే "ఓ, గిబ్సన్" అని, వెంటనే జాలిగా ఒక చూపు. ఆ జాలి ఎందుకో శనివారం సాయంత్రానికి గానీ అర్థం కాలేదు.

ఈ ఆట పరికరాలకూ ఒక మర్యాద ఉంది. ఎవరి పాచికలు వాళ్ళే తెచ్చుకుంటారు. అడుగున గుడ్డ పరిచిన చెక్కపళ్ళెంలో వేస్తారు. పాచిక పళ్ళెం దాటినా, అంచుకు ఆనుకుని వాలుగా నిలిచినా మళ్ళీ వేయాలి. కార్డులకు రబ్బరు బ్యాండు వేసినవాణ్ణి ఏదో పాపం చేసినట్టు చూస్తారు, అంచులు నొక్కుకుపోతాయని. చేపలు పట్టేవాళ్ళు గాలాలు దాచుకునే అరల పెట్టెలో జట్టును సర్దుకొచ్చాడొకాయన. డెబ్బై ఎనిమిదేళ్ళ ఇంకో ఆయనకు చేతులు వణుకుతాయి, అందుకని పాచికలు తోలు గిన్నెలో వేసి బోర్లిస్తాడు. కార్డు చదవడానికి మెడలో భూతద్దం. 1974 నుంచి ఆడిన ప్రతి ఆట స్కోరూ నోటు పుస్తకాల్లో రాసి ఉంచానని చెప్పాడు.

ఆరుగురు చొప్పున నాలుగు గుంపులు చేశారు. గుంపులో ప్రతివాళ్ళతో రెండేసి ఆటలు, మొత్తం పది, అన్నీ శనివారమే. మొదటి ఇద్దరు ఆదివారం ముందుకు వెళ్తారు. నలుగురు పిచ్చర్లను వరుస తప్పకుండా తిప్పాలి. నేను గిబ్సన్‌ను కావాలనే రెండో స్థానంలో పెట్టాను. రెండో, ఆరో, పదో ఆటలు ఆయనవి. ఆఖరి ఆట ఆయన చేతుల్లో ఉండాలని నా ఎత్తు.

పొద్దున్న ఎనిమిదిన్నరకు మొదటి ఆట. ఎదుట 1975 సిన్సినాటి రెడ్స్, ఆ సీజన్‌లో 108 ఆటలు గెలిచిన జట్టు. నేను చేసిన మొదటి పనే తప్పు. ఎదుటాయన తన నిర్ణయం చెప్పకముందే పాచికలు వేసేశాను. ఆయన అరచెయ్యి పళ్ళెం మీద అడ్డం పెట్టి, "బాబూ, ముందు అడగాలి" అన్నాడు నెమ్మదిగా. పాచికలు వేసే ప్రతిసారీ ముందు రెండు వైపులా మాట జరగాలి. బేస్ మీద, అంటే పరుగు దారిలోని మజిలీ మీద, ఉన్నవాణ్ణి కట్టిపడేస్తున్నావా? లోపలి ఫీల్డర్లు ముందుకొచ్చారా? బంతి కొట్టకముందే దొంగతనంగా తర్వాతి బేస్‌కు పరుగెత్తుతున్నావా, బంట్ చేస్తున్నావా, అంటే బంతిని మెల్లగా తట్టి వదులుతున్నావా? అన్నీ అయ్యాక, "సరేనా?" "సరే" అనుకుని అప్పుడు వేయాలి. ఆఫీసులో పెద్దాయనతో ఆడేటప్పుడు ఇవన్నీ కళ్ళతోనే అయిపోయేవి. ఇక్కడ నోరు తెరవాలి. మొదటి మూడు ఇన్నింగ్స్ రన్నర్‌ను కట్టడి చేయమని చెప్పడమే మరిచిపోయాను. జో మోర్గన్ రెండుసార్లు బేస్ దొంగిలించాడు. ఆయన 1975లో 67 దొంగిలించాడు, నాకు రెండు ఎక్కువేం కాదు. 9-2తో ఓడాను.

రెండో ఆటలో గిబ్సన్ కార్డు బల్ల మీద పెట్టాను. అదే రెడ్స్, అవే పాచికలు, అరగంట తేడా. తెల్ల పాచిక మీద నాలుగో, అయిదో, ఆరో పడితే చాలు, ఎదుటాయన వేలు కిందికి జారుతూ "స్ట్రైకౌట్... స్ట్రైకౌట్..." అని చదువుకుంటూ పోతోంది. 3-0తో గెలిచాను. ఎదుటాయన ఓడిన బాధ లేకుండా ఆ కార్డును చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూసి, నగ తిరిగిచ్చినట్టు జాగ్రత్తగా ఇచ్చాడు.

తర్వాత నర్సమ్మగారి 1998 యాంకీస్. ఆవిడ మాట్లాడదు. కార్డు చూడకుండానే ఫలితం చెప్పేస్తుంది, జట్టంతా కంఠతా. ఒకటి ఓడి ఒకటి గెలిచాను. గెలిచిన ఆటలో నా పిచ్చర్ స్టీవ్ కార్ల్‌టన్. తర్వాతి కాలంలో మహామహుడు, ఈ కార్డులో మాత్రం ఇరవై మూడేళ్ళ కుర్రాడు, ఆ ఏడాది 13 గెలిచి 11 ఓడినవాడు. కార్డుకు భవిష్యత్తు తెలియదు. అతణ్ణి అలా చూడటం నాకు వింతగా అనిపించింది.

మధ్యాహ్నం పులిహోర సంగతి చెప్పాలి. హోటల్ వాళ్ళు పెట్టిన పిజ్జా అయిపోయింది. నా డబ్బా మూత తీయగానే ఇంగువ వాసన నాలుగు బల్లల దాకా వెళ్ళింది. పక్కాయన అడిగాడు, పెట్టాను. ఇంకొకాయన అడిగాడు. చేత్తో తినకూడదని నాకు నేనే నియమం పెట్టుకుని ఫోర్కుతో తిన్నాను. చేతులు కూడా కడుక్కున్నాను. అయినా సాయంత్రం చూసుకుంటే నా జట్టులోని కర్ట్ ఫ్లడ్ కార్డు మూల మీద పావలా అంత పసుపు మరక. కార్డు నాది కాదు, పెద్దాయనది. గుండె జారింది. భయపడుతూ చూపిస్తే ఆయన కళ్ళజోడు పైకెత్తి పరీక్షగా చూసి, "ఫ్లడ్ పడిన కష్టాల ముందు ఇదెంత" అన్నాడు. ఫ్లడ్‌ను 1969లో తన మాట అడగకుండా ఫిలడెల్ఫియాకు మార్చేశారు. నేను కొని అమ్ముకునే వస్తువును కాను అని కోర్టుకెక్కి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడిపోయాడు. ఆయన ఓడిన కొన్నేళ్ళకే ఆటగాళ్ళకు ఆ స్వేచ్ఛ దొరికింది, ఆయనకు మాత్రం పనికిరాలేదు. ఆ మరక ఇప్పటికీ ఉంది.

ఆరో ఆట గురించి నేను ఎంత చెప్పుకున్నా తక్కువే. 1927 యాంకీస్, బేబ్ రూత్ అరవై హోమ్ రన్‌లు కొట్టిన ఏడాది. గిబ్సన్ పుట్టింది 1935లో. మైదానంలో ఎన్నడూ ఎదురుపడని ఇద్దరు. రూత్‌ది ఎడమచేతి వాటం కాబట్టి గిబ్సన్ కార్డులో ఎడమ పక్క చూడాలి, అది కుడి పక్క అంత భద్రం కాదు. నా అరచేతులు చెమర్చాయి. నాలుగుసార్లు వచ్చాడు రూత్. మూడుసార్లు తెల్ల పాచిక గిబ్సన్ వైపే పడింది, మూడూ స్ట్రైకౌట్లు. నాలుగోసారి రూత్ కార్డు మీదే పడింది, బంతి స్టేడియం దాటింది. 2-1తో గెలిచాను. ఎదుటాయనా నేనూ లేచి నిలబడి కరచాలనం చేసుకున్నాం. ఆ ఒక్క ఆట కోసం నూట యాభై మైళ్ళు వెళ్ళొచ్చు.

భూతద్దం తాతగారి 1954 క్లీవ్‌లాండ్‌తో ఒకటి గెలిచి ఒకటి ఓడాను. ఆయన ప్రతి పాచికకూ ముందు "దేవుడా" అంటాడు, పడ్డాక ఏమీ అనడు. తొమ్మిదో ఆట కష్టపడి గెలిచేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అయిదు గెలుపులు, నాలుగు ఓటములు. పదోది గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. ఎదుట 1969 బాల్టిమోర్ ఓరియోల్స్. వాటి యజమాని మేరీలాండ్‌లో చరిత్ర పాఠాలు చెప్పి విరమించిన ఉపాధ్యాయుడు. నా చేతిలో గిబ్సన్. ఆయన చేతిలో మైక్ క్వెయార్, ఆ ఏడాది 23 ఆటలు గెలిచిన ఎడమచేతి పిచ్చర్.

ఆరు ఇన్నింగ్స్ రెండు వైపులా సున్నాలు. మిగతా బల్లలు ఖాళీ అయిపోయాయి, ఎవరో మా వెనక నిలబడి చూస్తున్నారు. గిబ్సన్ ఫ్రాంక్ రాబిన్సన్‌ను ఆపాడు, ఆ ఏడాది 37 హోమ్ రన్‌లు కొట్టిన బూగ్ పవెల్‌ను ఆపాడు. నా వైపు కూడా అంతే, ఒకరు బేస్ మీదికి వెళ్తే తర్వాత ఇద్దరు తుస్సుమంటారు. ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక మార్క్ బెలాంజర్ వచ్చాడు. షార్ట్‌స్టాప్, రెండో మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. ఫీల్డింగులో బంగారం, బ్యాటుతో బక్కప్రాణి. 1969 మొత్తం మీద రెండు హోమ్ రన్‌లు. పద్ధెనిమిది సీజన్ల జీవితంలో మొత్తం ఇరవై.

నేను మంచినీళ్ళ సీసా మూత తిప్పుతున్నాను. "సరేనా?" అన్నాడాయన. "సరే" అన్నాను. తెల్ల పాచిక మీద రెండు. ఎర్రవి రెండూ కలిపి మూడు. ఆయన వేలు బెలాంజర్ కార్డులో రెండో వరుస దగ్గర ఆగింది. చీలిక ఫలితం: ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే హోమ్ రన్, మిగతా పందొమ్మిదింటికీ డబుల్, అంటే రెండో బేస్ దాకా వెళ్ళే హిట్. పాచిక పళ్ళెంలో దొర్లి గుడ్డ మీద తిరిగి తిరిగి ఆగింది. ఇద్దరం ముందుకు వంగాం. ఒకటి.

ఎవరూ అరవలేదు. చరిత్ర మాస్టారు పాచికను ముట్టుకోకుండా, "చూశావుగా?" అని నన్ను సాక్ష్యం అడిగాడు. చూశాను. తర్వాత కాగితం రుమాలు మీద లెక్క వేసుకున్నాను: ఆరింటికి ఒకటి, పద్ధెనిమిదింటికి ఒకటి, ఇరవైకి ఒకటి. రెండు వేల నూట అరవైకి ఒక్కసారి. నా నోట్లోంచి తెలుగులో "మణీందర్ సింగ్" అని వచ్చింది. "ఏమిటి?" అన్నాడాయన. ఏమీ లేదన్నాను.

దాంతోనే ఓడానని చెబితే సగం అబద్ధం. ఇంకో సగం నాది. తొమ్మిదో ఇన్నింగ్స్, 1-0, ఒకరు ఔట్. నా లూ బ్రాక్ వాక్ మీద, అంటే పిచ్చర్ నాలుగు బంతులు గురి తప్పితే ఊరికే దక్కే బేస్ మీద, మొదటి బేస్‌కు వెళ్ళాడు. 1968లో 62 బేస్‌లు దొంగిలించిన మనిషి. కానీ ఎదుట ఎడమచేతి పిచ్చర్. వాడికి మొదటి బేస్ కళ్ళెదుటే ఉంటుంది. తర్వాత వచ్చేది ఫ్లడ్, ఆ ఏడాది .301. తెలివైనవాడైతే ఆగుతాడు. వెనక నిలబడి ఉన్న మా ఆఫీసు పెద్దాయన దగ్గడం వినిపించింది. అది దగ్గు కాదని ఇప్పుడు తెలుసు. "పరుగెత్తిస్తున్నాను" అన్నాను. దొరికిపోయాడు. ఫ్లడ్ పసుపు మరకతో సహా సెంటర్ ఫీల్డర్ చేతిలోకి బంతి లేపాడు. అయిపోయింది.

మాస్టారు స్కోర్‌షీటు మడుస్తూ, "ఆ ఏడాది బ్రాక్ పన్నెండుసార్లు దొరికిపోయాడు. ఇది అందులో ఒకటి అనుకో" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "1968 సెప్టెంబర్ 17న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం జరిగిందో తెలుసా నీకు? గిబ్సన్ ఆడాడు. ఒకే ఒక్క పరుగిచ్చాడు. రాన్ హంట్ అనే బక్క బ్యాటర్ హోమ్ రన్ కొట్టాడు. హంట్ ఆ సీజన్ మొత్తం మీద కొట్టినవి రెండే. అటు పక్క గేలార్డ్ పెర్రీ కార్డినల్స్‌కు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 1-0." కాసేపాగి, "తొమ్మిది ఓటముల్లో అదొకటి. నీ చేతిలో గిబ్సన్ తప్పుగా ఏమీ ఆడలేదు" అన్నాడు.

పెద్దాయన ఆఫీసులో అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. 1.12తో తొమ్మిది ఆటలు ఎలా ఓడతాడు? ఇలాగే. గిబ్సన్ కార్డుతో పాటు నేను ఆ ఏడాది బ్రాక్‌నూ ఫ్లడ్‌నూ, 73 హోమ్ రన్‌ల జట్టునంతా మోసుకొచ్చాను. అందరి జాలి చూపులకూ అర్థం అదే. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, తొమ్మిదిన్నరకు ఆకలి కూడా వేసింది. డబ్బాలో అడుగున మిగిలిన పులిహోర మాస్టారూ నేనూ పంచుకున్నాం. ఆయన చేత్తోనే తిన్నాడు, కార్డులు ముందుగా పెట్టెలో పెట్టేసి.

ఆదివారం గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో ఆడుతుంటే, ఓడినవాళ్ళం ఒక మూల చేరాం. అక్కడ పోటీ లేదు, కాబట్టి హాయిగా ఉంది. ఒకాయన నీగ్రో లీగుల ఆటగాళ్ళ కార్డుల పెట్టె తెచ్చాడు. నల్లజాతి వాళ్ళను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళు విడిగా ఆడుకున్న లీగులవి. స్ట్రాట్-ఓ-మాటిక్ ఆ కార్డులు 2009లో తెచ్చింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లీగుల అంకెలను తన రికార్డుల్లో కలుపుకున్నది 2024లో. అప్పుడే జాష్ గిబ్సన్ .372తో టై కాబ్‌ను దాటి చరిత్రలోనే అత్యధిక సగటు ఉన్న బ్యాటర్ అయ్యాడు. జాష్ గిబ్సన్ 1947 జనవరిలో ముప్ఫై అయిదేళ్ళకే పోయాడు. ఆ అడ్డు దాటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టింది అదే ఏడాది ఏప్రిల్లో. మూడు నెలల తేడా. పెద్ద లీగు కన్నా పదిహేనేళ్ళ ముందే ఈ బల్ల మీద జాష్ లెక్కలోకి వచ్చేశాడు. బాబ్ గిబ్సన్ ఎదుట జాష్ గిబ్సన్‌ను నిలబెట్టి ఆడాం. ఎవరు నెగ్గారో రాసుకోలేదు, మూడు గంటలు గడిచిపోయాయి. మా పెద్దాయన సెమీఫైనల్‌లో ఓడి వచ్చి మాతో కూర్చున్నాడు. కప్పు నర్సమ్మగారు తీసుకుపోయింది. మాట్లాడకుండానే.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన కారు నడుపుతూ, "బ్రాక్‌ను ఎందుకు పరుగెత్తించావు?" అని ఒక్కసారే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మళ్ళీ అడగలేదు, రేడియో పెట్టాడు.

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. తెనాలిలో సోమవారం తెల్లవారుజాము అయిదున్నర. అన్నయ్య ఆ వేళకు లేచి పాలు కాచుకుంటాడు. ఫోను చేశాను. బెలాంజర్ కథ చెప్పాను. బేస్‌బాల్ ముక్క తెలియని మనిషి, రెండు వేల నూట అరవై అనగానే, "నా పుస్తకం నయం" అన్నాడు. కార్డు ఫోటో పంపమన్నాడు. పంపితే పెద్దది చేసుకుని చూసి, ఈ ఒకటి-ఇరవై ఏమిటి, ఈ ఎడమ పక్కేమిటి, కుడి పక్కేమిటి అని ముప్పావు గంట అడిగాడు. వదిన వచ్చి పాలు పొంగిపోయాయని అరవడం నాకూ వినిపించింది.

"అయితే మణీందర్‌కి ఒక కార్డు చెయ్యరా" అన్నాడు చివరికి.

వారం రోజులుగా రాత్రిళ్ళు అదే పని. ముప్ఫై అయిదు టెస్టులు, 99 పరుగులు, సగటు 3.80, అత్యధికం 15. వరుసలు గీశాను, ఔట్లు నింపాను, అక్కడక్కడా ఒంటి పరుగులు చల్లాను. ఒక్క గడి దగ్గర పేచీ వచ్చింది. రెండో వరుసలో మూడో అంకె, ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి పడితే సిక్స్ పెట్టాలని అన్నయ్య పట్టు. లెక్క ఒప్పుకోదని నేను. నిన్న మళ్ళీ ఫోను చేసి, "పెట్టావా?" అని అడిగాడు. గడి ఇంకా ఖాళీగానే ఉంది.